ముందు మెకానిక్, తర్వాతే వాచీ

కీ ఇచ్చే వాచీల మీద మనసు పడ్డవాళ్లు ఈ మధ్య వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లలో బాగానే కనిపిస్తున్నారు. పాతికేళ్లు నిండని కుర్రవాళ్లూ ఉన్నారు. కలిసిన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే: "ఏ వాచీ కొనమంటారు?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. మీ వాచీని విప్పి, కడిగి, నూనె పెట్టి, మళ్లీ నడిపించగల మనిషి మీ ఊళ్లో ఎవరు? ఆయన చేతికి లొంగే వాచీ ఏదో అదే కొనండి. బ్రాండు, ధర, అద్దం ఏ రకం, ఎన్ని మీటర్ల లోతు నీళ్లకు తట్టుకుంటుంది, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులు.

ఈ జవాబు చాలామందికి రుచించదు. సరదాగా మొదలుపెట్టబోతుంటే రిపేరు గురించి మాట్లాడతారేమిటని మొహం చిన్నబుచ్చుకుంటారు. కానీ మన పల్లెల్లో బోరు మోటారు కొనే రైతు కంపెనీ పేరుకన్నా ముందు మండల కేంద్రంలో ఆ మోటారుకు వైండింగ్ చేసేవాడు ఉన్నాడా లేడా అని ఆరా తీస్తాడు. పంట ఎండే రోజున కంపెనీ రాదు, వైండింగ్ చేసేవాడే వస్తాడు. మెకానికల్ వాచీ విషయంలో నేను చెప్పేది అంతకన్నా వేరేమీ కాదు.

ఎందుకో తెలియాలంటే దాని లోపలికి చూడాలి. ఒక చిన్న డబ్బాలో చుట్ట చుట్టుకుని ఉన్న ఉక్కు పట్టీ మెయిన్ స్ప్రింగు. మనం కీ ఇస్తే అది బిగుసుకుంటుంది, రోజంతా మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తోస్తుంది. ఆ తోపు ఒక్కసారిగా ఖర్చయిపోకుండా అడ్డుకునేది చివర ఉన్న బ్యాలెన్స్ అనే ఒక చిన్న చక్రం, దానికి బిగించిన వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగు. ఆ చక్రం ఇటూ అటూ ఊగుతుంటుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగితే ఒక పన్ను మాత్రమే జారనిస్తుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎంటీ చేసిన జనతా వాచీలో ఈ టిక్కులు సెకనుకు 5, గంటకు 18,000, రోజుకు 4,32,000. ఏడాది తిరిగేసరికి 15 కోట్ల 76 లక్షలు దాటుతాయి. ఇన్ని కోట్లసార్లు ఊగే ఇరుసు మొన చూస్తే సూదికన్నా సన్నం. అది అరిగిపోకుండా కృత్రిమ కెంపులో తొలిచిన గుంటలో కూర్చోబెడతారు. డయల్ మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉండేది ఆ కెంపుల సంగతే. ఆ గుంటలో కంటికి ఆననంత నూనె చుక్క ఉంటుంది.

ఆ నూనె చుక్క దగ్గరే నా వాదమంతా ఉంది. నాలుగైదేళ్లకు అది చిక్కబడుతుంది, ఎండుతుంది, లేదా ఉండాల్సిన చోటు వదిలి పక్కకు పాకుతుంది. అప్పుడు రాపిడి లోహాన్ని తింటుంది. వాచీ ఆగకపోవచ్చు కూడా. ఆగకుండా నడుస్తూనే లోలోపల అరిగిపోతుంది, ఇంకా ప్రమాదం. మన వేసవిలో 44, 45 డిగ్రీల ఎండకు చేతికి పట్టే చెమట, పత్తి సీజన్లో గాలిలో తేలే నూగు, గ్రానైట్ క్వారీల దుమ్ము, ఇవన్నీ కీ పక్క సందులోంచి లోపలికి దారి వెతుక్కుంటాయి. కాబట్టి సర్వీసింగ్ అనేది వాచీ చెడిపోతే చేయించేది కాదు. వాచీ కొనడంలోనే అది ఒక భాగం. కొన్నది మీరే అయినా దాన్ని బతికించేది ఇంకొకరి చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో తెలియకుండా కొనడమేమిటి?

వరంగల్ చౌరస్తా దగ్గరి సందులో నేను వెళ్లే చాచా దుకాణం ఒక అలమారా అంత ఉంటుంది. గాజు బల్ల, దాని మీద వంగిన లైటు, ఆయన కుడి కంటికి భూతద్దం. ఒక జనతాను సర్వీసు చేస్తుంటే పక్కన స్టూలు మీద కూర్చుని చూడటం నాకు ఇప్పటికీ తనివి తీరని పని. ముందు స్ప్రింగులో మిగిలిన బిగువునంతా మెల్లగా వదిలేస్తారు. అది వదలకుండా మరలు విప్పితే చక్రాల పళ్లు విరుగుతాయి. తర్వాత బ్యాలెన్స్ చక్రాన్ని దాన్ని పట్టి ఉంచే వంతెనలాంటి పలకతో సహా పట్టకారుతో ఎత్తుతారు. హెయిర్ స్ప్రింగు కిందికి సాగి వేలాడుతుంది. ఆ క్షణంలో ఆయన మాట్లాడరు, నేనూ మాట్లాడను. విప్పిన ప్రతి ముక్కా పెట్రోలు గిన్నెలో మునిగి, బ్రష్షు దెబ్బ తిని, రబ్బరు బుడగ గాలికి ఆరి, బోర్లించిన గాజు గ్లాసు కిందికి చేరుతుంది. గ్లాసు దుమ్ము పడకుండా. కెంపుల గుంటలను కొయ్య పుల్ల మొనతో ఒక్కొక్కటే తుడుస్తారు. నూనె పెట్టే సూది మొన మీద నిలిచేంత నూనే ఒక్కో గుంటకు. ఎక్కువైతే పాకిపోతుంది, తక్కువైతే ఎండుతుంది. అన్నీ బిగించి, నాలుగు చుట్లు కీ ఇచ్చి, చివరగా బ్యాలెన్స్‌ను దాని చోట దించుతారు. మర ఇంకా బిగించనైనా లేదు, చక్రం దానంతటది ఊగడం మొదలుపెడుతుంది.

ఒకసారి చాచాను సూటిగానే అడిగాను, ఏ వాచీ అయినా చేయగలరా అని. "హెచ్‌ఎంటీ అయితే కళ్లు మూసుకుని చెబుతాను బేటా, ఏ మర ఎక్కడిదో. నేను ఎప్పుడూ విప్పని మిషను తెచ్చావంటే మాత్రం, నేర్చుకోవడానికి నాకు నీ వాచీయే దొరికిందనుకో." అంత నిజాయితీగా చెప్పే మెకానిక్ దొరకడం అదృష్టం. ఆ మాటనే నేను కొనుగోలు సూత్రంగా పెట్టుకున్నాను.

మరి ఆయన చేతికి ఏవి అలవాటయ్యాయి? మన ఉత్తర తెలంగాణ జీవితమే దాన్ని నిర్ణయించింది. ఇక్కడి మెకానిక్ బల్ల మీదికి వచ్చిన వాచీలు రెండు దారుల్లో వచ్చాయి.

మొదటి దారి హెచ్‌ఎంటీ. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో ఈ ప్రభుత్వ సంస్థ వాచీల తయారీ మొదలుపెట్టింది. మొదటి విడత వాచీలను నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు మన దగ్గర కొలువులో చేరినా, పరీక్ష గట్టెక్కినా, పెళ్లి కుదిరినా చేతికి ఎక్కింది హెచ్‌ఎంటీయే. పెళ్లికొడుక్కి సైకిలు, వాచీ, రేడియో పెట్టడం ఎన్ని ఇళ్లలో మాట! కాజీపేట జంక్షన్ రైల్వే ఉద్యోగులకు, రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి కార్మికులకు షిఫ్టుల బతుకు, వేళ తప్పితే కుదరదు. వాళ్లకు వాచీ పనిముట్టు. ఇన్ని లక్షల చేతులకు ఎక్కింది గనకే ఇన్ని వందల మంది మెకానిక్‌లు దాని మీద చెయ్యి తిప్పుకున్నారు.

ఇంకో మేలు ఉంది, బయటికి కనిపించనిది. జనతా, కోహినూర్, పైలట్ పేర్లు వేరు, మొహాలు వేరు. కానీ వెనక మూత తీస్తే వీటిలో ఎక్కువగా కనిపించేది 0231 అనే ఒకే మిషను. అంటే పైలట్‌లో పోయిన ముక్కకు ఆగిపోయిన కోహినూర్ ప్రాణదాత అవుతుంది. చాచా దగ్గర బిస్కెట్ల డబ్బా నిండా ఇలాంటి పాత మిషన్లే. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అయినా ఆ డబ్బా ఉన్నంతకాలం నా జనతాకు దిగులు లేదు.

రెండో దారి గల్ఫ్. వాచీలు సేకరించేవాళ్లు దీని గురించి తగినంత మాట్లాడరు, నాకు అది బాధ. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయి, మస్కట్, సౌదీ వెళ్లినవాళ్లు సెలవు మీద వచ్చేటప్పుడు తెచ్చినవాటిలో సీకో 5లు, సిటిజన్ ఆటోమేటిక్‌లు, ఓరియెంట్‌లు ఉన్నాయి. సీకో 5 అంటే 1963 నుంచీ వస్తున్న వరుస. కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి కదిలితే లోపలి బరువు తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. తేదీ, వారం ఒకే కిటికీలో కనిపిస్తాయి. ఎండలో, ఇసుకలో, సిమెంటు పనిలో ఏళ్లకేళ్లు నడిచిన వాచీలివి. కరీంనగర్‌లో పాత వాచీల దగ్గర సీకో 5 కనిపిస్తే నేను మొదట చేసే పని వారం పేరు మార్చి చూడటం. ఒక మెట్టు ఇంగ్లిష్‌లో, తర్వాతి మెట్టు అరబిక్ లిపిలో వస్తే అది గల్ఫ్ దేశాల కోసం తయారైన ముక్క. ఎవరో ఒకరి కష్టంతో విమానం ఎక్కి ఈ జిల్లాకు వచ్చింది. స్విట్జర్లాండ్ కంపెనీల ఘన చరిత్రలన్నీ ఒకపక్క పెట్టినా, ఆ చిన్న కిటికీలోని అరబిక్ అక్షరాలు నాకు అంతకన్నా ఎక్కువ చరిత్ర చెబుతాయి. మన మెకానిక్‌లకు ఈ సీకోల లోపలి 7009, 7ఎస్26 మిషన్లు కొట్టిన పిండి.

అందుకే నా సేకరణ ఈ రెండు దారుల చుట్టూనే తిరుగుతుంది. హైదరాబాద్‌లోనే ఆల్విన్ సంస్థ సీకో సహకారంతో వాచీలు చేసింది, అవీ నాకు ఇష్టం. మన రాష్ట్రంలో తయారైన వాచీ అనే మమకారం దాచుకోలేను.

స్విస్ వాచీ వద్దంటారా అని అడుగుతారు. వద్దనను. కాకపోతే స్విట్జర్లాండ్‌లోని చాలా పెద్ద కంపెనీలు విడిభాగాలను బయటి మెకానిక్‌లకు అమ్మవు. మీ వాచీ ఆగితే హైదరాబాద్‌కో, ముంబైకో, ఒక్కోసారి ఇంకా దూరమో పంపాలి. నెలలు పడుతుంది, ఖర్చు మరో మంచి వాచీ వచ్చేంత అవుతుంది. అంత దూరం పోయి వచ్చే వస్తువుతో రోజువారీ చెలిమి ఎలా కుదురుతుంది? తప్పనిసరిగా స్విస్ కావాలంటే లోపల ఇటిఎ 2824 అనే మిషను గానీ, దాన్ని పోలిన సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200 మిషను గానీ ఉన్నది చూసుకోండి. వాటిని విప్పినవాళ్లు లోకమంతా ఉన్నారు. తాతల నాటి వెస్టెండ్, ఫావ్రె ల్యూబా లాంటి స్విస్ వాచీ ఇంట్లో దొరికితే అది వేరే కథ. అది కొనుగోలు కాదు, వారసత్వం. ఎంత కష్టమైనా బాగుచేయించుకోవాలి.

ఇక సెల్‌ఫోను ఉండగా ఇదంతా ఎందుకనే ప్రశ్న. కచ్చితత్వంలో ఫోనుతోనే కాదు, బజారులో అతి చవకగా దొరికే, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీతో కూడా మెకానికల్ వాచీ పోటీపడలేదు. 1969 డిసెంబరు 25న సీకో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీ టోక్యోలో అమ్మకానికి వచ్చిన రోజే ఆ పోటీ ముగిసింది. ఇప్పటి క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంటే, జనతా 5 టిక్కులు ఏం పోటీ? అయితే రెండోవైపు నుంచీ చూడండి. రోజుకు 86,400 సెకన్లు. నా జనతా రోజుకు 20 సెకన్లు ముందు నడుస్తుందనుకుంటే తప్పు పదివేలకు రెండు పాళ్ల పైచిలుకు మాత్రమే. బ్యాటరీ లేదు, కరెంటు లేదు, స్ప్రింగు, చక్రాలు, ఒక మనిషి చేతి సర్దుబాటు. అంత లెక్కతో నడిచే వస్తువు నా చేతి మీద ఉండటం నాకు గొప్ప సంతోషం. అంతకుమించి కారణం వెతకను.

పాత వాచీ ఎంచుకునేటప్పుడు నేను పట్టుబట్టే విషయం డయల్. ఇక్కడ రాజీ లేదు. పాత హెచ్‌ఎంటీలకు మళ్లీ రంగు వేసి, కొత్త ముళ్లు తొడిగి, ఎవరికీ తెలియని రంగుల్లో ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్లు ఎక్కువైపోయారు. సేకరణ చేసేవాళ్ల లోకంలో వీటికి ముంబై వాచీలనే పేరు స్థిరపడింది. అన్నింటికన్నా ఎక్కువగా బలయ్యేది పైలట్, ఆ నల్ల డయల్ అందం వల్లనే. భూతద్దంతో చూస్తే దొరికిపోతాయి. అసలు డయల్ మీద అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, రంగు వేసినదాని మీద ఉబ్బినట్టు, అలుక్కున్నట్టు ఉంటాయి. నిమిషాల గీతలు అంచుకు సమానదూరంలో ఉండవు. నలభై ఏళ్ల వాచీ ముళ్లు చీకట్లో కొత్తవాటిలా వెలుగుతుంటే ఆ పూత ఈ మధ్యది. అసలు పూత ఇన్నేళ్లకు చల్లారిపోతుంది.

అందంగా ఉంటే అభ్యంతరమేమిటని వాదించేవాళ్లున్నారు. అభ్యంతరం ఉంది. డయల్ మీద కొత్త రంగు వేసినవాడు లోపల నూనె మార్చి ఉంటాడని నేను నమ్మను. వెనక మూత తీయించి చూడండి: మరల తలల మీద గాట్లు చెదిరిపోయి ఉంటాయి, ఒక మర అసలే ఉండదు, కీ కాడ దగ్గర తుప్పు మీదే గ్రీజు పూసి ఉంటుంది. పైగా ఒక మంచి డయల్‌ను చెరిపేస్తే అది ఇంక తిరిగి రాదు. అందుకే మచ్చలున్న, పసుపు తిరిగిన, గీతలు పడిన అసలు డయల్‌నే నేను ఎంచుకుంటాను. వెనక మూత మీద పేరు చెక్కి ఉంటే ఇంకా మంచిది. బజారులో దాని ధర తగ్గుతుంది. నా దగ్గరున్న ఒక కోహినూర్ వెనక తెలుగులో "పెళ్లి కానుక" అని, కింద సంవత్సరం, చేత్తో చెక్కి ఉంది. "క" తలకట్టు దగ్గర ఉలి జారి చిన్న గీత పడింది. ఆ మూత మార్చుకుంటే శుభ్రమైనది ఇస్తామని ఒకరు అడిగారు. ఇవ్వలేదు, ఇవ్వను కూడా.

వాచీని చెవి దగ్గర పెట్టుకుని వినండి. చప్పుడు ఒకే ఎత్తున, ఒకే దూరంలో ఉండాలి. డయల్ పైకి, డయల్ కిందికి, కీ కిందికి ఉండేలా ఒక్కోసారి పెట్టి చూడండి. ఏ భంగిమలోనో నీరసపడితే ఇరుసు అరిగినట్టే. మెకానిక్ దగ్గర టైమ్‌గ్రాఫర్ అనే పరికరం ఉంటే బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెబుతుంది. పూర్తిగా కీ ఇచ్చి పడుకోబెట్టినప్పుడు 270కి పైన ఉంటే ఆరోగ్యం, 200కు దిగితే కడగాల్సిందే.

కొన్న తర్వాత జాగ్రత్తలు ఎక్కువేమీ లేవు. రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున నాలుగుకూ మధ్య తేదీ మార్చకండి. ఆ వేళ లోపలి పళ్లు తేదీ చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. మన దగ్గర సీకోల్లో తేదీ పనిచేయనివి ఇన్ని ఉండటానికి ఇదో పెద్ద కారణం. వాచీని అయస్కాంతం ఉన్న ఫోను కవరు మీద పెట్టకండి. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని వాచీ ముందుకు పరుగెత్తుతుంది. కీ ఎక్కువ ఇస్తే పాడవుతుందన్న భయం మాత్రం వదిలేయండి. నిండాక దానంతటదే ఆగుతుంది, అక్కడ మీరూ ఆగితే చాలు. కీ నిండి ఉన్నా నడవకపోతే దోషం కీది కాదు, ఎండిన నూనెది.

కొత్త వాచీతోనే మొదలుపెడతామంటే లోపల సీకో ఎన్‌హెచ్35 మిషను గానీ మియోటా 8215 మిషను గానీ ఉన్నది తీసుకోండి. ఎన్‌హెచ్35 ఒకసారి నిండితే 41 గంటలు నడుస్తుంది, చేత్తో కీ కూడా ఇవ్వొచ్చు. ఏదైనా అయితే మిషను మొత్తం తీసి కొత్తది పెట్టొచ్చు. అలా మార్చడం నాకు పెద్దగా నచ్చని పని, బాగుచేసే విద్య అందులో లేదు. కానీ వాచీ మూలన పడకుండా ఉంటుంది.

ఎన్ని కొనాలి? దీనికీ జవాబు మెకానిక్ బల్ల మీదే ఉంది. నాలుగైదేళ్లకోసారి ప్రతి వాచీకీ సర్వీసు చేయించగలిగినన్ని. అంతకుమించి కొని పెట్టెలో పెట్టినవి లోపల ఎండిపోతుంటాయి. యాభై వాచీల ఫొటో తీసి మురిసిపోయేవాళ్లను చూస్తే ఆ యాభైలో నడిచేవెన్ని అని అడగాలనిపిస్తుంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. వాచీకి వేలు పోసి, సర్వీసుకు కొన్ని వందలు అడిగితే బేరమాడే సేకర్తలను చూశాను. నాకు కోపం వస్తుంది. పూట పని, కంటి చూపు, చేతి నిలకడ, నలభై ఏళ్ల అనుభవం, దానికి ఇచ్చేది హోటల్లో ఒక కుటుంబం భోజనం ఖర్చంత కూడా కాదు. ఈ బల్లల దగ్గర తర్వాతి తరం లేకపోవడానికి కారణం ఇదే. కొడుకులు సెల్‌ఫోన్ల రిపేరులోకి వెళ్లారు, వాళ్లను తప్పుపట్టలేం. అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వండి. ఏడాదికి ఒకటి రెండు వాచీలైనా క్రమం తప్పకుండా ఇవ్వండి. పాతవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకుంటామనే కుర్రవాళ్లు ఉంటే, వాళ్లు చేయి సాధన చేసుకోవడానికి మీ దగ్గర మూలపడ్డ మిషన్లు ఇవ్వండి.

ఇంకొకటి. వరంగల్‌లో గానీ, జగిత్యాలలో గానీ, మంచిర్యాలలో గానీ, మీ ఇంటి బీరువా సొరుగులో ఆగిపోయిన హెచ్‌ఎంటీ ఉంటుంది. అద్దం పగిలి, పట్టా ఊడి, ఎవరికీ అక్కర్లేకుండా. పాత ఇనుముకు వేయకండి, ఇంటర్నెట్‌లో రంగు వేసేవాళ్లకు అమ్మకండి. దగ్గరలోని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, నడిచేలా ఉంటే నడిపించమనండి. నడవదని తేలితే ఆయన డబ్బాలోనే వేసి రండి. దాని బ్యాలెన్స్ ఒక్కటి బాగున్నా చాలు, ఇంకో జనతా లేచి కూర్చుంటుంది.